పాలిషింగ్ మిషన్ కొని ఎనిమిది నెలలు: నల్లగొండలో ఒక పార్ట్‌టైమ్ కార్ డీటెయిలర్ రివ్యూ

మిషన్ కంపెనీ పేరు రాయడం లేదు. దాచుకోవాల్సిందేమీ లేదు గానీ, అదే బాడీ, అదే డయల్, అదే నల్ల హ్యాండిల్ మీద స్టిక్కర్ మార్చి నాలుగైదు పేర్లతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. నేను కొన్నది వాటిలో ఒకటి. 900 వాట్ల డ్యూయల్ యాక్షన్ పాలిషర్, ఈ పనిలో ఉన్నవాళ్లు డీఏ అంటారు. 15 మిల్లీమీటర్ల త్రో (అంటే ప్లేటు అటూ ఇటూ ఊగే వెడల్పు), 5 అంగుళాల ప్లేటు, ఒకటి నుంచి ఆరు దాకా స్పీడ్ డయల్. 7,400 రూపాయలు పడింది. డిసెంబర్‌లో తెప్పించాను.

అప్పటి నుంచి ఇప్పటిదాకా డబ్బులు తీసుకుని 46 కార్లకు డీటెయిలింగ్, అంటే లోపలా బయటా శుభ్రం చేసి మెరుగుపెట్టే పని, చేశాను. అందులో ఈ మిషన్ తిరిగినవి 17. మిగతా 29 కార్లకు దీన్ని సంచిలోంచి బయటకు కూడా తీయలేదు. కొత్తగా ఈ పని మొదలుపెడదామనుకునేవాళ్లు స్పెసిఫికేషన్ల కంటే ముందు ఈ లెక్క చూడండి. మిషన్ మంచిదే. నేనే తొందరపడి ముందు కొన్నాను.

పగలు నేను ఒక ఆఫీసులో బిల్లింగ్ చూస్తాను. పొద్దున ఐదున్నర నుంచి తొమ్మిది దాకా, ఆదివారమైతే రోజంతా కార్లు. పానగల్లు రోడ్డు వైపు మా ఇల్లు, ఇంటి పక్కన రేకుల షెడ్డు, రెండు ట్యూబ్‌లైట్లు. బోర్డు లేదు. మొదట్లో మా నాయినకు ఇది అస్సలు నచ్చలేదు. "డిగ్రీ చదివి మంది కార్లు కడుగుతవా బిడ్డా?" అని ఒక్కసారే అన్నాడు, ఆ తర్వాత వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు ఆయనే నాకంటే ముందు లేచి, నల్లా వచ్చే టైమ్‌కు డ్రమ్ము నింపి పెడుతున్నాడు. ఆ డ్రమ్ము సంగతి తర్వాత చెప్తాను, ఎందుకంటే మిషన్ కంటే అదే ముఖ్యం.

ముందు మిషన్. మొదట వచ్చిన పీసు బాగాలేదు. ఆన్ చేయగానే ప్లేటు వణుకుతూ తిరిగింది, చేతిలో పట్టుకుంటే పాత మిక్సీని పట్టుకున్నట్టు ఉంది. వీడియో తీసి పంపితే వెనక్కి తీసుకున్నారు, కొత్తది రావడానికి 12 రోజులు పట్టింది. మీ దగ్గరకు రాగానే కారు మీద పెట్టకుండా గాల్లో ఒకసారి తిప్పి చూడండి, రిటర్న్ గడువు దాటిపోతే ఎవరూ ఫోన్ ఎత్తరు.

రెండో పీసు బాగుంది. బరువు రెండున్నర కిలోల పైన. బానెట్ మీద, రూఫ్ మీద పనికి బరువు తెలియదు, ప్లేటుకు అంటించే మెత్తటి ప్యాడ్‌ను మిషన్ బరువే నొక్కి పెడుతుంది. డోర్ల మీద మాత్రం చేత్తో మోయాలి, రెండో డోరు అయ్యేసరికి భుజం పీకుతుంది. వైరు పొట్టి, రెండు మీటర్లు కూడా లేదు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ జాయింటు సరిగ్గా బానెట్ అంచు మీదకే వస్తుంది, అది తగిలి గీత పడితే ఆ గీత తీసే పని మళ్లీ మనదే. నేను వైరును భుజం మీంచి వెనక్కి వేసుకుంటాను. ఆరో స్పీడ్‌లో పది నిమిషాలు ఆపకుండా నడిపితే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఆ స్పీడ్‌తో అవసరమూ పెద్దగా రాలేదు, నాలుగు, ఐదు చాలు.

డీఏ అంటే ఏంటో తెలియనివాళ్లకు రెండు మాటలు. డెంటింగ్, పెయింటింగ్ షెడ్లలో వాడేది రోటరీ. అది ఒకే కేంద్రం మీద గిర్రున తిరుగుతుంది, పని తొందరగా అవుతుంది, అంతే తొందరగా వేడెక్కుతుంది. చేయి తిరగనివాడు అంచుల దగ్గర ఒక్క క్షణం ఎక్కువ ఆపితే పెయింట్ కాలిపోతుంది. డీఏలో ప్లేటు తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది, గట్టిగా నొక్కితే తిరగడం మానేసి ఊరికే వణుకుతుంది. కొత్తవాడిని కాపాడేది ఈ గుణమే, టైమ్ తినేదీ ఇదే. బంపర్ వంపుల దగ్గర మిషన్ నడుస్తూనే ఉంటుంది, శబ్దం వస్తూనే ఉంటుంది, ప్యాడ్ మాత్రం తిరగదు. మొదటి రెండు కార్లకు నాకు ఈ విషయమే తెలియలేదు. గంటన్నర సేపు బంపర్‌కు మసాజ్ చేశానన్నమాట.

దీనికి ఒక చిన్న ఉపాయం ఉంది. బ్యాకింగ్ ప్లేటు అంచు మీద మార్కర్‌తో ఒక నిలువు గీత గీయండి. మిషన్ నడుస్తున్నప్పుడు ఆ గీత కనపడకుండా కలిసిపోతే ప్యాడ్ తిరుగుతున్నట్టు. గీత ఒక్కచోటే నిలబడి వణుకుతూ కనిపిస్తే మీరు ఎక్కువ నొక్కుతున్నట్టు, లేదా మిషన్‌ను ఏటవాలుగా పట్టుకున్నట్టు. పది రూపాయల మార్కర్ గీత నాకు నేర్పినంత పని వీడియోలు నేర్పలేదు.

కస్టమర్ కారు ముట్టుకునే ముందు పాత ఇనుము కొట్టులో 900 రూపాయలకు ఒక నల్ల బానెట్ కొన్నాను. ఇటుకల మీద పెట్టి మూడు వారాలు దాని మీదే పని. రెండడుగుల చదరం తీసుకోవడం, ప్యాడ్ మీద కాంపౌండ్ (గీతలను అరగదీసే పేస్టు) శనగగింజంత నాలుగు చుక్కలు, ఒకటో స్పీడ్‌లో పరచడం, తర్వాత ఐదులో సెకనుకు ఒక అంగుళం చొప్పున జరపడం, ఒక వరస మీద ఇంకో వరస సగం పడేట్టు. చదువుతుంటే సులభంగానే ఉంటుంది. సెకనుకు అంగుళం అంటే ఎంత నెమ్మదో చేతికి తెలియడానికే నాకు ఆ మూడు వారాలు పట్టాయి.

అయినా తప్పులు చేశాను. మూడో కస్టమర్ కారు మిలమిలా మెరిసింది, ఫొటోలు తీసుకుని ఆయన సంతోషంగా వెళ్లాడు. రెండు వారాల తర్వాత, రెండు వాష్‌లు అయ్యాక, మళ్లీ తెచ్చి ఎండలో నిలబెట్టాడు. సాలెగూడులాంటి సన్న గీతలు చాలావరకు అక్కడే ఉన్నాయి. కాంపౌండ్‌లో ఉండే నూనె గీతల్లో నిండి, పోయినట్టు చూపించిందంతే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్లలో కలిపి ఒకసారి తుడిచి ఉంటే ఆ నూనె పోయి ఆ రోజే తెలిసేది. మళ్లీ ఉచితంగా చేసిచ్చాను, ఒక ఆదివారం పోయింది. ఇంకో కారుకు నల్ల ప్లాస్టిక్ పట్టీలకు టేప్ వేయలేదు. వాటి మీద పడ్డ కాంపౌండ్ ఆరి సున్నంలా తెల్లగా పట్టుకుంది. పాత టూత్‌బ్రష్ పెట్టి రాత్రి పదకొండు దాకా తోమాను.

ఇప్పుడు నీళ్ల సంగతి. మన జిల్లా బోరు నీళ్లంటే అందరికీ ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడే. మర్రిగూడ, నాంపల్లి వైపు ఊళ్లలో పళ్లు, ఎముకలు ఏమయ్యాయో చూసినవాళ్లం. కారు మీద పడే తెల్ల మచ్చలు మాత్రం ఫ్లోరైడ్‌వి కావు, కాల్షియం, మెగ్నీషియం ఉప్పులవి. బోరు నీటి చుక్క పెయింట్ మీద ఎండిపోతే నీరు పోతుంది, ఉప్పు ఉంటుంది. చుక్క అంచు దగ్గర ఎక్కువ పేరుకుంటుంది, అందుకే మచ్చ ఉంగరంలా కనపడుతుంది. 250 రూపాయలు పెట్టి టీడీఎస్ మీటర్ కొన్నాను, లీటరు నీటిలో ఎన్ని మిల్లీగ్రాముల ఉప్పులు కరిగి ఉన్నాయో చూపిస్తుంది. మా బోరు 1,180 చూపించింది, ప్రభుత్వ మిషన్ భగీరథ పథకం నల్లా 240. తాగే నీటికే 500 దాటకూడదని బీఐఎస్ ప్రమాణం, వేరే నీళ్లు దొరక్కపోతే 2,000 దాకా సర్దుకోవచ్చంటుంది. కారు మాత్రం అంత సర్దుకోదు.

నమ్మకం కుదరక నా పాత బానెట్ మీదే చూశాను. మే నెలలో మధ్యాహ్నం సగానికి బోరు నీళ్లు, సగానికి నల్లా నీళ్లు చల్లి వదిలేశాను. మన దగ్గర మే ఎండ తెలిసిందే, 45 డిగ్రీల దాకా పోతుంది, నీళ్లు నిమిషాల్లో ఆరిపోయాయి. నల్లా సగం మీద ఏవో మసక చుక్కలు. బోరు సగం చూస్తే ముగ్గు చల్లి చెయ్యి దులుపుకున్నట్టుంది. మా నాయిన అది చూసిన మర్నాటి నుంచే డ్రమ్ము నింపడం మొదలుపెట్టాడు, నేను అడగలేదు.

మచ్చ కొత్తదైతే తెల్ల వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి గుడ్డతో ఒక నిమిషం అద్ది, బాగా కడిగేస్తే పోతుంది. నెలల తరబడి ఎండలో ఉడికితే మచ్చ క్లియర్ కోట్‌లోకి, అంటే రంగు మీద ఉండే పారదర్శక పొరలోకి, దిగుతుంది, అప్పుడు పాలిష్ తప్ప దారి లేదు. నేను మిషన్ పెట్టిన 17 కార్లలో 11 వచ్చింది ఈ బోరు నీటి మచ్చలకే. రోజూ పొద్దున ఇంటి ముందు పైపుతో కారు కడిగి, తుడవకుండా ఆఫీసుకు పోయేవాళ్లవే అన్నీ. అంత ప్రేమగా కడిగినవాటికే ఎక్కువ మచ్చలు. మనం పూర్తిగా తీయలేకపోతే ఆ మచ్చలు మనమే పెట్టామంటారు కాబట్టి, కారు దించగానే ఫొటో తీసి పెట్టుకోండి.

మిషన్ లేకుండా చేసిన 29 కార్లకు ఏం చేశానంటారా? లోపలి పని. వాక్యూమ్, బ్రష్‌లు, సీట్లు, మ్యాట్లు. శ్రీశైలం ఘాట్ రోడ్డులో పిల్లలు కక్కిన సీట్లు. బత్తాయి రసం ఒలికి చీమలు పట్టిన కప్ హోల్డర్. ఒక రైతు కారులో వెనక మ్యాట్ ఎత్తితే కింద కార్పెట్‌లో వడ్లు మొలకెత్తి ఉన్నాయి. వేలెడు పొడుగు, పాలిపోయిన పచ్చ రంగు, నారుమడిలా వరసగా. ఏసీ నీళ్లు పైపులోంచి బయటకు పోకుండా లోపలికి కారి, ఆ తడికి మొలిచాయి. ఆయనకు ఫోన్ చేసి చెప్తే, "ఏ రకమో చూడు తమ్మీ, మంచిగ మొలిస్తే దాచిపెట్టు" అన్నాడు.

లెక్క ఇది. లోపలి పనికి 1,200 తీసుకుంటాను, మూడు గంటలు పడుతుంది, క్లీనింగ్ మందులు, గుడ్డలు కలిపి 60 ఖర్చు. గంటకు 380 మిగులుతుంది. పాలిష్‌కు 3,000, ఎనిమిది గంటలు, ప్యాడ్ల అరుగుదల, కాంపౌండ్, టేప్ కలిపి 450. గంటకు 319. భుజం నొప్పి లెక్కలో వేయలేదు. సర్వీసింగ్ సెంటర్‌లో మూడు నాలుగు వందలకు వాటర్ వాష్ చేయించుకునే ఊళ్లో పాలిష్‌కు ఐదు వేలు అడగలేం. ఇక్కడివాళ్లకు లోపలి వాసన పోతే తెలుస్తుంది, దానికి డబ్బులివ్వడానికి ఇబ్బంది పడరు. గీతలు పోయాయని ట్యూబ్‌లైట్ కింద నిలబెట్టి చూపిస్తే తప్ప తెలియదు. అందుకే మొదట కొనాల్సింది రెండు బకెట్లు, అడుగున వేసే జాలీలు, పది మంచి మైక్రోఫైబర్ గుడ్డలు, తడి పొడి రెండూ లాగే వాక్యూమ్. ఒక బకెట్‌లో షాంపూ, ఒకదాంట్లో ఉత్త నీళ్లు, కారు మీద రుద్దిన గుడ్డను ముందు ఉత్త నీళ్లలో జాడించాకే షాంపూలో ముంచాలి. గుడ్డలు ఇంట్లో బట్టలతో వేయకండి. మా అమ్మ మంచి మనసుతో కంఫర్ట్ లాంటిదేదో పోసి ఉతికింది, కమ్మని వాసన వచ్చింది, ఒక్క చుక్క నీరు పీల్చలేదు.

కొత్త బండి కొని చెరువుగట్టు గుడికి తీసుకెళ్లి పూజ చేయించినవాళ్లు బానెట్ మీద పసుపు మరకతో వస్తారు. పాలిష్ పెట్టమంటారు. వద్దనే చెప్తాను. ముందు మామూలు షాంపూతో కడిగి, మిగిలిన లేత మరకను రెండు రోజులు ఎండకు వదిలేయమంటాను. పసుపు రంగు వెలుతురుకు తేలిపోతుంది. ఘాటు సబ్బు పెట్టి రుద్దితే అది ఎర్రబడి భయపెడుతుంది. పసుపులో సున్నం కలిపితే కుంకుమ అయినట్టే అది కూడా. ఈ సలహాకు డబ్బులు రావు గానీ, అలా పంపినవాళ్లలో నలుగురు లోపలి పనికి మళ్లీ వచ్చారు. సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద వేసే గట్టి రక్షణ పొర) అడిగేవాళ్లకు కూడా లేదనే చెప్తాను. దుమ్ము రాని గది కావాలి, వేసిన తర్వాత కనీసం ఒక రోజు తడి తగలకూడదు. నా రేకుల షెడ్డులో అది వేస్తే కోటింగ్ కింద రోడ్డు దుమ్మును సీలు చేసినట్టే. డబ్బా మీద 9హెచ్ అని ఉంటే వజ్రం అనుకోకండి, అది పెన్సిల్ ముల్లుతో గీకి చూసే పరీక్ష తాలూకు కొలత.

ఇక నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టిన కారు. మిర్యాలగూడ నుంచి ఒకన్న తెచ్చిన ఎర్ర హ్యాచ్‌బ్యాక్, మూడు నెలల క్రితం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. బానెట్, రూఫ్, కుడి వైపు అంతా బాగా జరిగింది. ఎడమ వెనక డోరు మీద రెండు వరసలు తిప్పి ప్యాడ్ తిరగేసి చూస్తే ఎర్రగా ఉంది. నా గుండె జారింది. క్లియర్ కోట్ మీద పనిచేస్తే కాంపౌండ్ తెల్లగానో బూడిదగానో ఉండాలి, రంగు దిగకూడదు. రంగు వచ్చిందంటే నేను క్లియర్ కోట్ దాటి లోపలికి పోయి ఉండాలి, లేదా అసలక్కడ క్లియర్ కోట్ లేకపోవాలి. మిషన్ ఆపి డోరు తెరిచి రబ్బరు బీడింగ్ ఎత్తి చూశాను. రబ్బరు లోపలి అంచు మీద ఎర్ర పెయింట్ తుంపర్లు. ఫ్యాక్టరీలో పెయింట్ వేసేటప్పుడు ఆ రబ్బరు అక్కడ ఉండదు.

"అన్నా, ఒకసారి ఇటు రా."

"ఏమైంది తమ్మీ, గీసుకుపోయిందా?"

"గీసుకుపోలేదన్నా. ఈ డోరుకు మళ్లీ పెయింట్ వేశారు. కంపెనీది కాదు."

ఆయన రబ్బరు చూశాడు, నా ప్యాడ్ చూశాడు, మళ్లీ రబ్బరు చూశాడు. నా మీద అరుస్తాడనుకున్నాను. అక్కడే నిలబడి, కారు అమ్మినాయనకు స్పీకర్‌లో ఫోన్ చేశాడు. ఆ మాటలు ఇక్కడ రాసేవి కావు. తర్వాత నాకు 3,000 పూర్తిగా ఇచ్చాడు, ఆ డోరు వదిలేయమన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన నమ్మాడు కాబట్టి సరిపోయింది, నమ్మకపోతే? కంపెనీ పెయింట్ మొత్తం మందం మామూలుగా 100 నుంచి 140 మైక్రాన్ల మధ్య ఉంటుంది. అందులో మనం పాలిష్ పెట్టగలిగే క్లియర్ కోట్ ఓ 40, 50 మైక్రాన్లు, మనిషి వెంట్రుక కంటే పల్చన. ఆ పల్చటి పొర మీద కళ్లు మూసుకుని మిషన్ తిప్పుతున్నానని ఆ రోజు అర్థమైంది. వారంలో 3,800 పెట్టి పెయింట్ మందం కొలిచే గేజ్ కొన్నాను. రేకు మీదే పనిచేస్తుంది, ప్లాస్టిక్ బంపర్‌ను చదవదు. ఇప్పుడు కారు రాగానే ముందు గేజ్, తర్వాత ఫొటోలు, ఆ తర్వాతే నీళ్లు. మిషన్‌తో పాటు ఇది కొనలేనివాళ్లు మిషన్ కొనడం కూడా వాయిదా వేయండి.

మిషన్‌కు ఐదుకు నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది పొట్టి వైరుకు, మొదటి పీసుకు. మోటారులో అరిగిపోయే కార్బన్ బ్రష్‌లు ఒక జత అదనంగా పెట్టెలోనే ఇచ్చారు, ఇంకా మార్చాల్సిన అవసరం రాలేదు. ప్యాడ్లు మాత్రం కారుకు కనీసం మూడు ఉండాలి, మురికి ప్యాడ్‌తో తిప్పితే తీసే గీతల కంటే పెట్టే గీతలే ఎక్కువ. ప్యాడ్ ఎంత గట్టిదో రంగును బట్టి అనుకుని కొనకండి, కంపెనీకో రంగు లెక్క.

పోయిన నెల ఆ మిర్యాలగూడ అన్న మళ్లీ ఫోన్ చేశాడు. వాళ్ల బామ్మర్ది నకిరేకల్‌లో ఒక పాత కారు చూస్తున్నాడట. "తమ్మీ, ఆ చిన్న మీటర్ పట్టుకుని రా, 500 ఇప్పిస్తా." మిషన్ ఇంట్లోనే పెట్టి బస్సెక్కాను. రూఫ్ మీద 112 మైక్రాన్లు వచ్చింది. బానెట్ 118. ఎడమ ఫెండర్ 121. కుడి ఫెండర్ మీద పెడితే 410. తప్పు చూశానేమోనని తుడిచి మళ్లీ పెట్టాను, 412. అమ్మేవాడు పక్కనే నిలబడి ఆకాశం చూస్తున్నాడు. నేను నోటితో ఏమీ చెప్పలేదు, మీటర్‌ను బామ్మర్ది వైపు తిప్పాను. ఆ బేరం కుదరలేదు. నా 500, బస్సు చార్జీలు మాత్రం వచ్చాయి.